ఎదురుగా మనిషి లేని టెర్మినల్: సీఐ బిల్డ్‌లలో కమాండ్ లైన్ టూల్స్

కోడ్‌ను తయారుచేసి పరీక్షించే ఒక బిల్డ్ స్క్రిప్టులో పరీక్షలు నడిపే వరుస ఇలా ఉందనుకుందాం: ముందు టెస్ట్ కమాండు, దాని తరువాత ఒక కమాండు అవుట్‌పుట్‌ను మరోదానికి అందించే పైపు గుర్తు, ఆ వెనుక టీ కమాండు, చివరన ఒక లాగ్ ఫైలు పేరు. తెర మీద కనిపించేది ఫైలులోకి కూడా చేరాలన్నదే ఆ వరుస రాసినవారి ఉద్దేశం. ఒక రోజు పరీక్షల్లో మూడు తప్పాయి. ఆ సంగతి లాగ్‌లో వివరంగానే ఉంది. ఏ ఫంక్షనులో, ఏ వరుసలో, ఏ విలువ రావలసిన చోట ఏది వచ్చిందో కూడా ఉంది. అయినా బిల్డ్ పక్కన ఆకుపచ్చ గుర్తే పడింది, కోడ్ మెయిన్ బ్రాంచిలో కలిసిపోయింది. ఆకుపచ్చ గుర్తు చూశాక లాగ్ తెరిచి చదివే ఓపిక ఎవరికీ ఉండదు; అసలు ఆ ఓపిక అక్కర లేకుండా చేయడానికే కోడ్ మారిన ప్రతిసారీ దానిని తనంతట తానే నడిపి పరీక్షించే కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్, వాడుకలో సీఐ, పుట్టింది.

విచిత్రమేమిటంటే ఇందులో ఏ టూలూ తప్పు చేయలేదు. పైపుతో కలిపిన కమాండ్ల వరుసకు షెల్, అంటే కమాండ్లను నడిపే ప్రోగ్రాము, ఇచ్చే ఫలితం చివరి కమాండుదే. టీ తనకు చెప్పిన పని చక్కగా చేసింది కనుక ఎగ్జిట్ కోడ్‌గా, అంటే పని ఎలా ముగిసిందో చెప్పే అంకెగా, సున్నా తిరిగి ఇచ్చింది. టెస్ట్ కమాండు ఇచ్చిన 1 దారిలోనే ఆగిపోయింది. ఇదే వరుసను ఒక డెవలపర్ తన టెర్మినల్‌లో నడిపి ఉంటే ఎర్రని అక్షరాలు కళ్ల ముందే కనిపించేవి, ఎగ్జిట్ కోడ్ ఎంత వచ్చిందన్న ఆలోచనే వచ్చేది కాదు. కమాండ్ లైన్ టూల్స్‌లో చాలా భాగం ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉన్నాడన్న లెక్కతోనే తయారయ్యాయి. అతడు అడిగినదానికి జవాబు చెబుతాడు, హెచ్చరిక చదువుతాడు, ఎంతసేపటికీ కదలకపోతే కంట్రోల్ సీ నొక్కుతాడు, ఏ వెర్షన్ వేసుకున్నాడో గుర్తుంచుకుంటాడు. సీఐ పనులను నడిపే యంత్రం, అంటే రన్నర్, ముందు అలాంటివారు ఎవరూ ఉండరు. కాబట్టి సీఐ కోసం ఒక టూల్‌ను కాన్ఫిగర్ చేయడమంటే, ఆ మనిషి నోరు మెదపకుండా చేసిపెడుతున్న పనులను ఒక్కొక్కటిగా గుర్తించి రాతలో పెట్టడమే.

వాటిలో మొట్టమొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఫలితాన్ని అర్థం చేసుకోవడం. సీఐ వ్యవస్థ లాగ్‌ను భద్రపరుస్తుందే గాని చదవదు; దాని చెవికి వినిపించేది 0 నుంచి 255 వరకు ఉండే ఒక్క అంకె మాత్రమే. సున్నా అయితే గెలుపు, మరేదైనా ఓటమి. కమాండు దొరకకపోతే షెల్ 127 ఇస్తుంది, దొరికినా నడపడానికి అనుమతి లేకపోతే 126 ఇస్తుంది, ఏదైనా సిగ్నల్ వల్ల ప్రాసెస్ చచ్చిపోతే 128కి ఆ సిగ్నల్ సంఖ్యను కలిపి చెబుతుంది. కంటైనర్‌లో, అంటే మిగతా యంత్రం నుంచి విడదీసిన పరిసరంలో, నడిచే బిల్డ్ ఏ వివరమూ చెప్పకుండా 137తో ఆగిపోయిందంటే 128కి 9 కలిసిందన్నమాట; అంటే బయటి నుంచి ఎవరో కిల్ సిగ్నల్ పంపారు, సాధారణంగా మెమరీ పరిమితి దాటినందుకు ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్ పంపి ఉంటుంది. ఈ లెక్క తెలియనివారు కోడ్‌లో తప్పు కోసం గంటల తరబడి వెతుకుతారు. ఇక అంకె 255 దాటితే 256తో భాగించగా మిగిలినదే బయటకు వస్తుంది. తప్పుల సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా తిరిగి ఇచ్చేలా ఎవరైనా సొంత టూల్ రాసుకుంటే, సరిగ్గా 256 తప్పులు దొరికిన రోజున అది సున్నా చెబుతుంది. నవ్వు తెప్పించే సంగతే గాని, జరగలేని సంగతి కాదు.

పైగా ఆ ఒక్క అంకెకు అన్ని టూల్స్‌లోనూ ఒకే అర్థం ఉండదు. గ్రెప్ వెతికిన మాట దొరకకపోతే 1 ఇస్తుంది, నిజంగా తప్పు జరిగితే 2 ఇస్తుంది. డిఫ్ కూడా అంతే. రెండు ఫైళ్లు వేరుగా ఉంటే 1, చదవడమే కుదరకపోతే 2. విండోస్‌లోని రోబోకాపీ మరో దారి పట్టింది: ఫైళ్లు విజయవంతంగా కాపీ అయితే అది 1 ఇస్తుంది, 8గాని అంతకు మించిగాని వస్తేనే ఏదో చెడిందని అర్థం. దానిని ఉన్నదున్నట్టు పైప్‌లైన్‌లో, అంటే సీఐ వరుసగా నడిపే అడుగుల్లో, పెడితే ఫైళ్లు సజావుగా కాపీ అయిన ప్రతిసారీ బిల్డ్ ఎర్రబడుతుంది. ఇంటర్నెట్ నుంచి ఫైళ్లు దింపే కర్ల్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అవతలి సర్వర్ 404 పంపినా, తనకు జవాబు అందింది కనుక పని అయిపోయిందనే కర్ల్ భావిస్తుంది. పేజీ లేదని చెప్పే హెచ్‌టీఎంఎల్‌ను శ్రద్ధగా ఫైలులో దాచి సున్నా ఇస్తుంది. మూడు అడుగుల తరువాత ఆ ఫైలును విప్పబోయిన టార్ కమాండు అది ఆర్కైవ్ కాదని గోల పెడుతుంది. తప్పు ఒకచోట, ఏడుపు మరొకచోట. ఫెయిల్ అన్న ఆప్షన్ జోడిస్తే కర్ల్ అలాంటి సందర్భాల్లో 22 ఇచ్చి అక్కడికక్కడే ఆగుతుంది. సీఐ స్క్రిప్టులో ఆ ఆప్షన్ లేని కర్ల్ ఉండకూడదు. అలాగే ఫైళ్లను వెతికే ఫైండ్‌లోని ఎగ్జెక్ ద్వారా ఒక్కో ఫైలు మీద, కోడ్‌లో లోపాలు చూసే లింట్ నడిపేవారు ఒకటి గమనించాలి: చివర సెమీకోలన్ పెట్టే రూపంలో లోపలి కమాండు విఫలమైనా ఫైండ్ మాత్రం సున్నాయే ఇస్తుంది, ప్లస్ పెట్టే రూపంలో అలా జరగదు.

షెల్‌ను కఠినంగా ఉంచే అమరికలు ఈ ఇబ్బందిలో చాలా భాగాన్ని తీరుస్తాయి. సెట్ కమాండుకు హైఫన్ ఈ జోడిస్తే ఏ కమాండు విఫలమైనా స్క్రిప్టు అక్కడే ఆగుతుంది, హైఫన్ యూ జోడిస్తే విలువ ఇవ్వని వేరియబుల్ వాడినప్పుడు ఆగుతుంది, పైప్‌ఫెయిల్ పెడితే పైపులో ఏ భాగం తప్పినా వరుస మొత్తం తప్పినట్టు లెక్క. ఇవి డిఫాల్ట్‌గా ఉన్నాయో లేదో సీఐ వ్యవస్థను బట్టి మారుతుంది, చాలామంది కాలు జారేది ఇక్కడే. జెన్కిన్స్‌లో షెల్ స్టెప్ మామూలుగా, నడిపే ప్రతి కమాండునూ లాగ్‌లో చూపే హైఫన్ ఎక్స్, హైఫన్ ఈ లతో నడుస్తుంది, పైప్‌ఫెయిల్ ఉండదు. గిట్‌హబ్ యాక్షన్స్ తీరు ఇంకా చిత్రం: లినక్స్ రన్నర్ మీద షెల్ పేరు చెప్పకుండా వదిలేస్తే బాష్ అనే షెల్‌ను హైఫన్ ఈ తో మాత్రమే నడుపుతుంది, షెల్ బాష్ అని విడిగా రాస్తే పైప్‌ఫెయిల్‌ను కూడా చేరుస్తుంది. చూడటానికి ఉన్నదే మళ్లీ చెప్పినట్టుండే ఆ ఒక్క మాటతో మొదట చెప్పిన టీ వరుస ప్రవర్తన పూర్తిగా మారిపోతుంది. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణంలోకి పైప్‌ఫెయిల్ 2024లో మాత్రమే చేరింది కనుక పాత సాధారణ షెల్‌లన్నీ దానిని గుర్తిస్తాయన్న భరోసా లేదు.

అయితే ఈ అమరికలు మంత్రాలు కావు. ఇఫ్ షరతులో పిలిచిన ఫంక్షన్ లోపల హైఫన్ ఈ పనిచేయదు. ఆ ఫంక్షన్‌లో మధ్య వరుస విఫలమైనా మిగిలిన వరుసలు నడిచిపోతాయి. లోకల్ గాని ఎక్స్‌పోర్ట్ గాని రాసి అదే వరుసలో ఒక కమాండు ఫలితాన్ని వేరియబుల్‌లో పెడితే, ఆ వరుస ఇచ్చే కోడ్ లోకల్‌దో ఎక్స్‌పోర్ట్‌దో అవుతుంది తప్ప లోపలి కమాండుది కాదు. ప్రకటన ఒక వరుసలో, విలువ ఇవ్వడం మరో వరుసలో రాయమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. మరోవైపు పైప్‌ఫెయిల్ పెట్టాక, పెద్ద అవుట్‌పుట్‌లో మొదటి వరుస మాత్రం తీసుకోవడానికి హెడ్ వాడితే, హెడ్ ముందే తప్పుకోవడంతో ఎడమవైపు కమాండు 141తో చనిపోయి నిష్కారణంగా బిల్డ్‌ను ఎర్రగా చేయవచ్చు. ఇలాంటి చిరాకు ఎదురైనప్పుడు వరుస చివర నిలువుగీతలు రెండు పెట్టి ట్రూ అని రాసేస్తే గొడవ వదులుతుంది గాని, ఆ తరువాత ఆ వరుసలో నిజంగా ఏది చెడినా ఎవరికీ తెలియదు. ఎదురుచూస్తున్న కోడ్ ఏదో దానిని మాత్రమే సహించి, మిగిలినవాటిని తప్పుగానే వదిలేలా రాయడం నాలుగు వరుసల పని. ఆ నాలుగు వరుసలూ రాయడమే మేలు.

విండోస్ రన్నర్ల దగ్గర వేరే ఉచ్చు ఉంది. విండోస్ స్క్రిప్టు అయిన బ్యాచ్ ఫైలు నుంచి మరో బ్యాచ్ ఫైలును కాల్ అన్న మాట లేకుండా పిలిస్తే నియంత్రణ తిరిగి వెనక్కు రాదు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు వేసే ఎన్‌పీఎం అనేది విండోస్‌లో నిజానికి సీఎండీ పొడిగింపు ఉన్న ఒక స్క్రిప్టు. అందువల్ల మొదటి వరుసలో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్, రెండో వరుసలో ఎన్‌పీఎం టెస్ట్ రాస్తే మొదటిది ముగియగానే ఫైలు కూడా ముగిసిపోతుంది. పరీక్షలు నడవనే లేదు, గుర్తు మాత్రం ఆకుపచ్చ.

ఫలితం తరువాత చూడవలసింది పరిసరం. ల్యాప్‌టాప్‌లో దొరికిన కమాండు రన్నర్‌లో దొరకలేదన్న ఫిర్యాదు వెనుక సాధారణంగా, కమాండ్లను ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్ ఉంటుంది. డెవలపర్ టెర్మినల్ తెరిచినప్పుడు బాష్ ఆర్‌సీ ఫైలు చదవబడుతుంది, వెర్షన్ మేనేజర్లు తమ వరుసలను అందులోనే చేరుస్తాయి. సీఐలో నడిచే షెల్ ఇంటరాక్టివ్ కాదు కనుక ఆ ఫైలు జోలికి పోదు. దానిని బలవంతంగా చదివించినా ఉబుంటు, డెబియన్‌లలో లాభం ఉండదు. ఇంటరాక్టివ్ షెల్ కాకపోతే అక్కడితో ఆగిపొమ్మని చెప్పే వరుస ఆ ఫైలు మొదట్లోనే ఉంటుంది. కావలసిన డైరెక్టరీలను పైప్‌లైన్ నిర్వచనంలోనే పాత్‌కు చేర్చడం సరైన పద్ధతి. షెల్ కూడా ఒకటే అనుకోరాదు. ఉబుంటులో 2006లో వచ్చిన 6.10 నుంచి ఎస్‌హెచ్ అంటే డాష్ అనే మరో షెల్, బాష్ కాదు. జంట చదరపు బ్రాకెట్లతో రాసిన షరతులు అక్కడ నడవవు. మాక్‌ఓఎస్‌తో పాటు వచ్చే బాష్ 3.2 దగ్గరే ఆగిపోయింది కనుక నాలుగో వెర్షన్‌లో వచ్చిన అసోసియేటివ్ అర్రేలు అందులో ఉండవు, అక్కడి సెడ్‌లో ఫైలును ఉన్నచోటే మార్చే ఆప్షన్‌కు బ్యాకప్ పొడిగింపు తప్పనిసరిగా ఇవ్వాలి. అదే మాక్ మీద, ఆపిల్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ వెర్షన్లు ఒకటికి మించి ఉంటే ఏది వాడాలో ఎక్స్‌కోడ్ సెలెక్ట్‌తో మొత్తం యంత్రానికి మార్చడం కన్నా డెవలపర్ డిర్ వేరియబుల్ ద్వారా ఆ ఒక్క జాబ్‌కు చెప్పడం సురక్షితం. పక్కనే నడుస్తున్న మరో జాబ్ కాళ్ల కింది నేల కదలదు. కమాండ్ లైన్ టూల్స్ ప్యాకేజీ ఒక్కటే ఉండి పూర్తి ఎక్స్‌కోడ్ లేకపోతే ఎక్స్‌కోడ్‌బిల్డ్ నడవదన్నది కూడా కొత్త యంత్రం సిద్ధం చేసేటప్పుడు తరచు మరిచిపోయే విషయం.

ఎవరైనా జవాబు చెబుతారని ఎదురుచూసే టూల్స్ మరో తలనొప్పి. కంటైనర్‌కు మూలమైన డాకర్ ఇమేజ్ తయారవుతూ టైమ్‌జోన్ డేటా ప్యాకేజీ దగ్గర భౌగోళిక ప్రాంతం ఎన్నుకోమని అడిగి అలాగే ఉండిపోవడం చాలామంది చూసినదే. ప్యాకేజీలు వేసే ఆప్ట్ గెట్‌కు హైఫన్ వై ఇచ్చాం కదా అనుకుంటారు. ఆ ఆప్షన్ ఆప్ట్ అడిగే అవును-కాదు ప్రశ్నలకే జవాబు చెబుతుంది, ప్యాకేజీలు తమంతట తాము అడిగే ప్రశ్నలకు డెబియన్ ఫ్రంట్‌ఎండ్ వేరియబుల్‌ను నాన్‌ఇంటరాక్టివ్‌గా పెట్టాలి. గిట్ పాస్‌వర్డ్ అడగకుండా ఉండాలంటే గిట్ టెర్మినల్ ప్రాంప్ట్‌ను సున్నా చేయాలి, దూరపు యంత్రంతో కలిపే ఎస్ఎస్‌హెచ్‌కు బ్యాచ్ మోడ్, జావా బిల్డ్ టూల్ మావెన్‌కు హైఫన్ బీ ఉన్నాయి. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీ తనిఖీని మాత్రం చాలామంది పూర్తిగా ఆపేస్తుంటారు. అలా చేస్తే అవతలి సర్వర్ ఎవరిదైనా నమ్మినట్టే. సరైన కీని ముందే తెలిసిన హోస్టుల ఫైలులో ఉంచితే ప్రశ్నా రాదు, భద్రతా పోదు. ఇంత చేసినా ఏదో ఒకటి ఎక్కడో ఆగిపోవచ్చు కనుక సమయ పరిమితి ఉండాలి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఒక జాబ్‌కు డిఫాల్ట్ పరిమితి 360 నిమిషాలు, గిట్‌ల్యాబ్‌లో 60 నిమిషాలు. పది నిమిషాల్లో ముగియవలసిన బిల్డ్ ఆరు గంటలు వేలాడటం ఎవరికీ ఉపయోగం లేదు. అనుమానం ఉన్న కమాండు ఒక్కటే అయితే దాని ముందు టైమవుట్ పెట్టడం ఇంకా మంచిది. గడువు దాటితే అది 124 ఇస్తుంది కనుక ఏ వరుస ఆగిపోయిందో వెంటనే తెలుస్తుంది.

తాము సీఐలో నడుస్తున్నామని గుర్తించి పద్ధతి మార్చుకునే టూల్స్ కూడా ఉన్నాయి. చాలా వ్యవస్థలు సీఐ అన్న వేరియబుల్‌ను ట్రూ గా పెడతాయి. అది కనబడితే జావాస్క్రిప్ట్ పరీక్షలు నడిపే జెస్ట్ కొత్త స్నాప్‌షాట్లను, అంటే పోల్చడానికి దాచుకునే ఫలితాలను, తనంతట తాను రాసుకోదు, స్నాప్‌షాట్ లేని పరీక్షను తప్పినట్టే చూపుతుంది. కనబడకపోతే కొత్తది రాసుకుని పరీక్ష నెగ్గిందంటుంది. ఇక్కడ చిన్న మెలిక ఉంది. డాకర్ రన్ ద్వారా కంటైనర్‌లో పరీక్షలు నడిపితే బయటి వేరియబుల్స్ లోపలికి వాటంతట అవి పోవు. సీఐ వేరియబుల్‌ను విడిగా అందించకపోతే, లోపలి జెస్ట్ తాను ఎవరో డెవలపర్ ముందు ఉన్నాననే అనుకుంటుంది.

వెర్షన్ల విషయంలో మనిషి జ్ఞాపకం చేసే పనిని, ఏ ప్యాకేజీకి ఏ వెర్షన్ అన్నది రాసి ఉంచే లాక్‌ఫైలు చేయాలి. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అవసరమనుకుంటే లాక్‌ఫైలును మార్చేస్తుంది. 2018లో వచ్చిన ఎన్‌పీఎం సీఐ కమాండు మాత్రం పాత మాడ్యూళ్ల డైరెక్టరీని తొలగించి లాక్‌ఫైలులో ఉన్నదే వేస్తుంది, దానికీ ప్యాకేజీ ఫైలుకూ పొంతన లేకపోతే ఆగిపోతుంది. ఆగిపోవడమే దాని విలువ. జావా బిల్డ్ టూల్ గ్రేడిల్‌కు ర్యాపర్, పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌కు హ్యాష్‌లు తప్పనిసరి చేసే ఆప్షన్ ఇదే కోవలోకి వస్తాయి. ఇంటర్నెట్ నుంచి ఒక స్క్రిప్టు దింపి నేరుగా బాష్‌లోకి పంపే అలవాటు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అందులోని ప్రమాదం ఎంతటిదో 2021లో కోడ్‌కోవ్ ఉదంతం చూపింది. పరీక్షలు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపాయో చెప్పే కవరేజీ నివేదికలను కోడ్‌కోవ్ సేవకు పంపడానికి ఎన్నో సంస్థలు తమ పైప్‌లైన్లలో వాడుతున్న బాష్ అప్‌లోడర్ స్క్రిప్టును జనవరి 31 నుంచి దుండగులు మార్చగలిగారు. చేర్చిన వరుస ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నిటినీ, అంటే వాటిలో ఉండే టోకెన్లను, పాస్‌వర్డులను కూడా బయటి సర్వర్‌కు పంపేది. స్క్రిప్టు తన అసలు పనిని మామూలుగానే చేస్తూ ఉంది కనుక బిల్డ్‌లన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. ఏప్రిల్ 1న ఒక వినియోగదారుడు తాను దింపుకున్న ఫైలు చెక్‌సమ్‌ను, అంటే ఫైలులోని విషయం నుంచి లెక్కగట్టే విలువను, ప్రచురించిన విలువతో పోల్చి చూసినప్పుడు గాని సంగతి బయటపడలేదు. అదే పోలికను పైప్‌లైన్‌లో ఒక వరుసగా పెట్టుకున్నవారి దగ్గర మారిన స్క్రిప్టు నడిచేదే కాదు. 2025 మార్చిలో గిట్‌హబ్ యాక్షన్స్‌లో విరివిగా వాడే ఒక యాక్షన్ (తయారుగా దొరికే అడుగు) తాలూకు వెర్షన్ ట్యాగులను హానికరమైన కమిట్ వైపు తిప్పినప్పుడు కూడా, ట్యాగుకు బదులు పూర్తి కమిట్ హ్యాష్ రాసుకున్నవారు సాధారణంగా బయటపడ్డారు.

రహస్యాలను టూల్‌కు ఎలా అందించాలన్నది దీనితో ముడిపడిన ప్రశ్నే. ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చిన పాస్‌వర్డ్ అదే యంత్రం మీద ప్రాసెస్‌ల జాబితాలో కనిపించవచ్చు, హైఫన్ ఎక్స్ ఉంటే లాగ్‌లోకీ ఎక్కుతుంది. జెన్కిన్స్ డిఫాల్ట్‌లో హైఫన్ ఎక్స్ ఉందన్నది ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. లాగ్‌లో రహస్యాలను కప్పే సౌకర్యం నమోదు చేసిన విలువ ఉన్నదున్నట్టు కనబడినప్పుడే పనిచేస్తుంది, బేస్64 అనే మరో రూపంలోకి మార్చిన విలువను అది గుర్తుపట్టకపోవచ్చు. డాకర్ లాగిన్ వంటి టూల్స్ పాస్‌వర్డ్‌ను స్టాండర్డ్ ఇన్‌పుట్ ద్వారా తీసుకుంటాయి, ఆ దారి ఉన్నప్పుడు మరో దారి వెతకనక్కర లేదు.

లాగ్ రూపం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ప్రోగ్రెస్ బార్లను, రంగులను ఆపితే చదవడానికి వీలుగా ఉంటుంది. బఫరింగ్ మాత్రం అందం సంగతి కాదు. అవుట్‌పుట్ టెర్మినల్‌కు కాకుండా పైపులోకి పోతున్నప్పుడు పైథాన్ ఒక్కో వరుసను వెంటనే పంపదు, కొంత పోగయ్యాక పంపుతుంది. మధ్యలో 137తో ప్రాసెస్ చనిపోతే చివరి వరుసలు దానితోనే పోతాయి, లాగ్ ఆగిన చోటు అసలు ఆగిన చోటు కాదు. పైథాన్ అన్‌బఫర్డ్ వేరియబుల్ పెడితే ఆ తికమక ఉండదు.

ఈ అమరికలన్నీ ఎక్కడ రాయాలన్న దాని మీద అభిప్రాయాలు వేరుగా ఉంటాయి. సాధారణంగా టూల్స్ ముందు కమాండు వరుసలోని ఆప్షన్‌ను, తరువాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను, ఆ తరువాత ప్రాజెక్టులోని ఫైలును, చివరకు యూజర్ హోమ్‌లోని ఫైలును లెక్కలోకి తీసుకుంటాయి. పైప్‌లైన్ వెబ్ పేజీలో పెట్టెల్లో నింపిన విలువలు ఎవరు ఎప్పుడు మార్చారో కోడ్ చరిత్రలో కనబడవు. రన్నర్ హోమ్‌లో మిగిలిపోయిన పాత కాన్ఫిగరేషన్ ఫైలు ఒక యంత్రం మీద మాత్రమే బిల్డ్‌ను చెడగొట్టి అందరినీ తిప్పలు పెడుతుంది. ప్రాజెక్టుకు సంబంధించినవి కోడ్ ఉండే రిపాజిటరీలోని ఫైలులో, సీఐకి మాత్రమే సంబంధించినవి కమాండు వరుసలో బాహాటంగా, రహస్యాలు మాత్రమే వేరియబుల్స్‌లో ఉంచడం ఆచరణలో బాగా నిలుస్తుంది. పైప్‌లైన్‌ను నిర్వచించే యామల్ ఫైలులో నలభై వరుసల షెల్ రాయడం కన్నా రిపాజిటరీలో ఒక స్క్రిప్టు పెట్టి యామల్ నుంచి దానిని పిలిస్తే, ల్యాప్‌టాప్ మీద కూడా అదే నడిపి చూడవచ్చు. ఆ స్క్రిప్టు మొదట్లో కంపైలరు, రన్‌టైమ్, ప్యాకేజీ మేనేజరు వెర్షన్లను ముద్రించే మూడు వరుసలకు అయ్యే ఖర్చు సెకను కూడా ఉండదు. నిన్న నడిచింది ఇవాళ నడవనప్పుడు రెండు లాగ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అక్కడే దొరుకుతుంది.

కొత్తగా రాసిన పైప్‌లైన్ ఆకుపచ్చగా వచ్చినంత మాత్రాన పని ముగిసిందనుకునేవారే ఎక్కువ. అది ఎర్రగా కూడా రాగలదో లేదో చూడాలి. వేరే బ్రాంచిలో ఒక పరీక్షను కావాలని తప్పేలా మార్చి పంపాలి, మరో కమిట్‌లో డౌన్‌లోడ్ చిరునామాలో ఒక అక్షరం చెరపాలి, ఇంకోదానిలో లాక్‌ఫైలుకూ ప్యాకేజీ ఫైలుకూ పొంతన లేకుండా చేయాలి. ప్రతిసారీ బిల్డ్ ఆగిందా, ఆగవలసిన వరుస దగ్గరే ఆగిందా అన్నది లాగ్‌లో చూసుకోవాలి. టీ కమాండు దాచిపెట్టిన ఆ 1, నిజమైన మూడు పరీక్షలు తప్పి మెయిన్ బ్రాంచిలో కలిసిపోవడానికి ఎంతో ముందే, వీటిలో మొదటి కమిట్‌తోనే దొరికిపోయి ఉండేది.